బర్మింగ్‌హామ్‌లో (అలబామా) మనవాళ్లు ఏ చర్చికి వెళ్తే మేలు?

ఇక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగు క్రైస్తవులు బోర్డు చూసి చర్చిలోకి వెళ్లిపోతారు, ఒంగోలు బాప్టిస్టూ ఇక్కడి సదరన్ బాప్టిస్టూ ఒకటేలే అనుకుని. ఒకటి కాదు. నెల్లూరు, ఒంగోలు మిషన్ నడిపింది అమెరికాలోని ఉత్తరాది బాప్టిస్టులు. బానిసల్ని పెట్టుకున్నవాళ్లని మిషనరీలుగా పంపొచ్చా అన్న గొడవలో 1845లో విడిపోయినవాళ్లు సదరన్ బాప్టిస్టులు, దానికి క్షమాపణ చెప్పింది 1995లో. పద్ధతులు మాత్రం మనకు తెలిసినవే, ముంచుడు బాప్తిస్మం, పొడుగు ప్రసంగం. చిక్కల్లా సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం)లోనో గుంటూరు లూథరన్ గుడిలోనో పసితనంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. ఊరికే వెళ్లి కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు గానీ, సభ్యత్వం అడిగితే చాలాచోట్ల మళ్లీ ముంచాలంటారు.

ఆ తలనొప్పి వద్దంటే ప్రెస్బిటేరియన్లు నయం. 1973లో పి.సి.ఎ. (ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా) అనే శాఖ పుట్టిందే ఇక్కడి బ్రయర్‌వుడ్ చర్చిలో. పి.సి.ఎ. వాళ్లు వాక్యం గట్టిగా చెప్తారు, కానీ ఆడవాళ్లకి పాస్టర్ పదవి ఇవ్వరు. నంద్యాలలో 2013లోనే పుష్పలలితగారు సి.ఎస్.ఐ. బిషప్ అయ్యారు కదా, ఆ సంఘాల నుంచి వచ్చిన అమ్మాయిలకి ఇది మింగుడుపడదు. సి.ఎస్.ఐ. వాళ్లకి నేను ముందు చెప్పేది ఎపిస్కోపల్ (ఇక్కడి ఆంగ్లికన్) చర్చే, ఆ ప్రార్థన పుస్తకం, ఆ బల్ల ఆరాధన, అంతా అలవాటైన వరసలోనే సాగుతుంది. మెథడిస్టులైతే 2022, 23ల్లో స్వలింగ వివాహాల గొడవ మీద బాగా చీలిపోయారు, వెళ్లే ముందు ఆ చర్చి ఎటువైపో కనుక్కోండి. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) వాళ్లకి బెంగ లేదు, డౌన్‌టౌన్‌లో సెయింట్ పాల్స్ కథీడ్రల్ ఉంది, పూజ ఎక్కడైనా పూజే.

కుర్రాళ్లంతా ఎగబడేది చర్చ్ ఆఫ్ ది హైలాండ్స్‌కి. 2001లో మొదలై ఇప్పుడు రాష్ట్రమంతా క్యాంపస్‌లు పెట్టింది. లైట్లు, డ్రమ్స్, జీన్స్ వేసుకున్న పాస్టర్, కాఫీ. ఆదివారం ఒక్కటే వెళ్తే అక్కడ మిమ్మల్ని పలకరించే నాథుడుండడు, వాళ్ల స్మాల్ గ్రూప్‌లో చేరితేనే నలుగురు తెలుస్తారు. కారు లేనివాళ్లకి లిఫ్ట్ దొరికేది కూడా ఆ గ్రూపుల్లోనే.

ఇంతా చేసి, మన ఊరి ఆరాధనకి దగ్గరగా ఉండేది నల్లవాళ్ల బాప్టిస్టు చర్చి, మనవాళ్లు అసలు తొంగిచూడనిది కూడా అదే. పట్టుచీరలకి బదులు టోపీలు, అంతే తేడా. తెల్ల గ్లౌజులు వేసుకున్న పెద్దావిడ చెయ్యిపట్టి సీటు చూపిస్తుంది, పాస్టరు గొంతు పెంచేకొద్దీ ఆర్గన్ కూడా లేస్తుంది, వెనక నుంచి ఎవరో ‘చెప్పు పాస్టర్!’ అని కేకేస్తారు. గడియారం ఎవరూ చూడరు. 1963 సెప్టెంబరు 15న బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయిన సిక్స్‌టీంత్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి ఈ ఊరిదే, ఒక్క ఆదివారమైనా వెళ్లి రండి. కాకపోతే అక్కడికి టూరిస్టులు ఎక్కువ, వారం వారం వెళ్లడానికి మీ ఇంటి దగ్గర అలాంటి చిన్న సంఘం ఏదైనా చూసుకోండి. బాప్తిస్మం లెక్క అక్కడా బాప్టిస్టు లెక్కే, అయినా నా ఓటు దానికే. వెళ్లేటప్పుడు మాత్రం కాస్త మంచి బట్టలు వేసుకోండి, హైలాండ్స్‌కి వెళ్లినట్టు టీషర్టుతో వద్దు.