ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకునే ఇంటర్ కాలేజీలతో జాగ్రత్త

ఈ మధ్యాహ్నం జరిగింది ఇప్పుడే రాస్తున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షర దోషాలుంటే సర్దుకోండి.

సర్టిఫికెట్లు చేతికి వచ్చేదాకా కాలేజీ పేరు రాయొద్దని నాన్న అన్నారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లో పనిచేసిన లెక్చరర్లకు పేరు లేకపోయినా విషయం అర్థమైపోతుంది.

కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసి పోయిన జూన్‌లో ఇక్కడ చేరాను. 28 వేల జీతం, జూనియర్ ఇంటర్ రెండు సెక్షన్లు. పొద్దున ఏడున్నరకల్లా లోపల ఉండాలి, స్టడీ అవర్స్ ఉంటే రాత్రి ఎనిమిది దాటేది. ఒక్కరోజు సెలవు పెడితే రెండు రోజుల జీతం కోత. ఈ ఫీల్డులో ఇవన్నీ మామూలే కాబట్టి సర్దుకున్నాను. పిల్లలకు పాఠం చెప్పడం నాకు ప్రాణం.

కానీ చేరిన రోజే నాకు తెలియాల్సింది. డెమో క్లాసు ఐదు నిమిషాలు కూడా వినలేదు. హైబ్రిడైజేషన్ పాఠం మొదలుపెట్టానో లేదో, ఫోన్ చూసుకుంటూనే డీన్ "చాలమ్మా" అన్నారు. ఆ తర్వాత ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) గదిలో మాత్రం అరగంట కూర్చోబెట్టారు. మీది ఏ మండలం, అక్కడ హైస్కూళ్లు ఎన్ని, హెడ్మాస్టర్లు ఎవరైనా తెలుసా, మీ బంధువుల పిల్లల్లో టెన్త్ ఎవరు చదువుతున్నారు... ఇవే ప్రశ్నలు. కెమిస్ట్రీ గురించి ఒక్కటీ లేదు. ఎంత ఆప్యాయంగా మాట్లాడుతున్నారో అనుకున్నాను. కొత్త మనిషిని పట్టుకుని చుట్టాల లెక్క ఎందుకు అడుగుతున్నారని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు నాకు.

ఆ రోజే టెన్త్ మెమో నుంచి పీజీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) దాకా ఒరిజినల్స్ అన్నీ తీసుకున్నారు. వెరిఫికేషన్ అయ్యాక వారంలో ఇచ్చేస్తామన్నారు. రసీదు అడిగితే "మనమంతా ఒక ఫ్యామిలీ, రసీదులెందుకు మేడమ్" అన్నారు. మొదటి నెల జీతం డిపాజిట్ కింద ఆపారు, మానేసేటప్పుడు ఇస్తారట. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇవ్వలేదు. ఏడాది మధ్యలో మానేయనని మాత్రం నాతో రాయించుకున్నారు. పీఎఫ్ అడిగితే లెక్చరర్లకు ఉండదన్నారు, నమ్మాను. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే విద్యాసంస్థలకు పీఎఫ్ చట్టం 1982 నుంచే వర్తిస్తుందని మొన్న ఒక సీనియర్ సార్ చెప్పేదాకా నాకు తెలియదు. మా క్యాంపస్‌లో టీచింగ్ స్టాఫే 40 మందికి పైన ఉంటాం.

డిసెంబర్ నుంచి అడ్మిషన్ల పని. క్లాసులు అయ్యాక టెన్త్ పిల్లల ఫోన్ నంబర్లున్న లిస్టు ఇచ్చి కాల్స్ చేయించేవారు, ఆదివారాలు ఇళ్లకు పంపేవారు. మనిషికి ఐదు అడ్మిషన్లు టార్గెట్. షెడ్యూల్ ఇచ్చేదాకా అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. వీళ్లు మాత్రం టెన్త్ పిల్లలు ప్రీఫైనల్ కూడా రాయకముందే సీటు రిజర్వేషన్ పేరుతో డబ్బు కట్టించుకున్నారు. నేను మూడు చేయగలిగాను. అందులో ఒకడు మా పిన్ని కొడుకు. "నువ్వున్నావు కదా తల్లీ, వాణ్ని చూసుకుంటావులే" అని పిన్ని 10 వేలు కట్టింది. ఆ మాట గుర్తొస్తే అన్నం గొంతు దిగడం లేదు.

పరీక్షలు అయిపోయాయి. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం ఖాయమైంది, సోమవారం ఒరిజినల్స్‌తో రమ్మన్నారు. నాన్నను తోడు తీసుకుని ఈ రోజు కాలేజీకి వెళ్లాను. సర్టిఫికెట్లు పెట్టుకోవడానికి నాన్న బస్టాండ్‌లో కొత్త ఫోల్డర్ కొన్నారు. బటన్‌తో మూసుకునే నీలం రంగుది, 60 రూపాయల స్టిక్కర్ ఇంకా దాని మీదే ఉంది.

గంటన్నర బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. అకడమిక్ ఇయర్ అయిపోయింది సార్, రిలీవ్ చేసి సర్టిఫికెట్లు ఇప్పించండి అని అడిగాను. ఏజీఎం లేచి బీరువా తెరిచి నా ఫైలు బయటికి తీశారు. నేను చదివిన కాలేజీ వాళ్లు కట్టిన పచ్చ రిబ్బన్ కూడా అలాగే ఉంది. నాన్న ఫోల్డర్ బటన్ తీసి పట్టుకున్నారు. ఏజీఎం ఫైలు తెరిచి, ఒక్కో మెమో తిప్పి చూసి, మళ్లీ మూసి బీరువాలోనే పెట్టి తాళం వేశారు.

"ఏమ్మా, నీవి మూడే కదా అయ్యాయి. ఇంకో రెండు రాయించు. లేదా రెండు నెలల జీతం కట్టి తీసుకెళ్లు."

పది నెలలు మేడమ్ అని పిలిచిన మనిషి, మా నాన్న ముందు ఆ మాట అన్నారు. నాన్న "సార్, అది అమ్మాయి చదువుకున్న కాగితం కదా" అన్నారు. "పెద్దాయనా, మీకు తెలియదు, బయట కూర్చోండి" అన్నారు ఆయన. మా నాన్న నిజంగానే బయటికి వెళ్లి కూర్చున్నారు. నేను అక్కడే నిలబడి రసీదు, పీఎఫ్, ఆపిన జీతం అన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. "నువ్వు ఇచ్చినట్టు ఏం ప్రూఫ్ ఉంది" అన్నారు. ఫైలు కళ్లముందు చూపించి, ప్రూఫ్ ఏదని అడిగారు! నా దగ్గర నిజంగానే ఏమీ లేదు. ఆ జూన్ రోజున ఫోన్‌లో ఒక్క ఫోటో తీసుకున్నా సరిపోయేది.

సర్టిఫికెట్లు పోయాయని పోలీసులకు రాసిచ్చి యూనివర్సిటీలో డూప్లికేట్లు తీసుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అవి పోలేదు, ఎక్కడున్నాయో నాకు తెలుసు. అబద్ధం రాసివ్వను.

కొత్తగా చేరేవాళ్లు దయచేసి ఒరిజినల్స్ అక్కడే చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. ఇచ్చి తీరాలంటే ఏమేం ఇచ్చారో రాసి, సంతకం, స్టాంపు వేయించుకోండి. ఆర్డర్ చేతిలో లేకుండా క్లాసులోకి అడుగు పెట్టొద్దు. కాలేజీ పీఎఫ్‌లో రిజిస్టర్ అయిందో లేదో ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. సంతకం పెట్టే ప్రతి కాగితం చదవండి. బాండ్లేవీ చెల్లవు అనే మాట నమ్మి పెట్టకండి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నేను రాసిచ్చింది ఏడాది మధ్యలో మానేయనని మాత్రమే, ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

పిన్నికి ఇందాకే ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒక్క మాట అనలేదు. ఆ 10 వేలు వాళ్లు వెనక్కి ఇవ్వకపోతే నేనే ఇస్తాను.

రేపు పొద్దున పది గంటలకు నాన్న, నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నాం. ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను, దాని కాపీ లేబర్ ఆఫీసులోనూ ఇస్తాను. ఆ బీరువాలో నా ఫైలు ఒక్కటే లేదు, రెండు అరల నిండా ఉన్నాయి. అందులో మీది ఉంటే ఈ రాత్రే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.