లెవెంత్ గ్రేడ్ ఇంగ్లీష్: గ్రామర్ వర్క్‌బుక్కా, నవలల థీమ్సా, ఏది మేలు?

ఇక్కడ అమెరికాలో పిల్లలు లెవెంత్ గ్రేడ్‌కి వచ్చారంటే చాలు, మన తెలుగు ఇళ్ళల్లో ఇంగ్లీష్ గురించి ఒకటే గొడవ. చాలా స్కూళ్ళల్లో ఆ ఏడాదంతా అమెరికన్ లిటరేచరే, కష్టపడితే ఎవరైనా పైకొస్తారన్న అమెరికన్ డ్రీమ్ అంటారు, తొలినాళ్ళలో వలసొచ్చిన మతనిష్ఠ గల ప్యూరిటన్లు అంటారు, జాతి వివక్ష అంటారు, గ్రామర్ అన్న మాట మాత్రం పెద్దగా వినపడదు. అమ్మానాన్నలేమో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం మీద పెరిగినవాళ్ళు, వీడికి జెరండ్ అంటేనే తెలీదు ఇంక ఇంగ్లీష్ ఏం వస్తుందిరా బాబూ అని వాళ్ళ బెంగ. మరి వీకెండ్‌లో వర్క్‌బుక్ ముందు కూర్చోబెట్టాలా, స్కూల్ వాళ్ళు చెప్పే థీమ్స్‌కే వదిలెయ్యాలా?

గ్రామర్ వైపు గట్టి పాయింటే ఉంది. కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్షలో రీడింగ్ అండ్ రైటింగ్‌కి 54 ప్రశ్నలు, 64 నిమిషాలు, అందులో దాదాపు పావు వంతు అచ్చంగా గ్రామరే. వాక్యం ఎక్కడ ఆగాలి, అక్కడ కామానా సెమీకోలనా, సబ్జెక్ట్‌కి వెర్బ్‌కి పొంతన కుదిరిందా, ఇవే తిప్పి తిప్పి అడుగుతారు. రూల్స్ కొన్నే కాబట్టి ప్రాక్టీస్ చేస్తే ఆ మార్కులు త్వరగానే పెరుగుతాయి, అదే లిటరేచర్ ప్యాసేజీలు అర్థం కావడం అంటే ఏళ్ళ తరబడి చదివినవాడికే.

కానీ ఎస్సే రాయడం వర్క్‌బుక్‌తో రాదు. ఇది నా మాట కాదు, 1963లో రిచర్డ్ బ్రాడక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు రాసిన రిపోర్ట్ ఈ మాటే తేల్చింది, గ్రామర్‌ని విడిగా రుద్దితే పిల్లల రాతకి పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా రాసుకునే టైమ్ తినేస్తే నష్టం కూడా అని. 1985లో ఇక్కడి ఇంగ్లీష్ టీచర్ల జాతీయ సంఘం కూడా విడిగా గ్రామర్ డ్రిల్స్ వద్దని తీర్మానం చేసింది. అంటే స్కూల్లో గ్రామర్ పీరియడ్ కనపడట్లేదంటే టీచర్లు బద్ధకించి కాదు, దాని వెనక ఇంత కథ ఉంది. కాకపోతే కొన్నిచోట్ల మరీ పూర్తిగా గాలికొదిలేశారు, అది వేరే సంగతి.

ఇక థీమ్స్ వైపు. దీంట్లో పెద్ద రోగం ఏంటంటే లేబుల్స్. గ్రేట్ గాట్స్‌బీ నవలలో పచ్చ లైట్ అంటే అమెరికన్ డ్రీమ్ అని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది, పిల్లాడు ఆ ముక్క తెచ్చి ఎస్సేలో అంటిస్తాడు, పుస్తకం తెరవకుండానే పని అయిపోతుంది. టీచర్ మార్జిన్‌లో 'హౌ?' అని రాసి ఊరుకుంటుంది. వాడికి ఆ 'హౌ'కి జవాబు రాయడం రాదు, ఎందుకంటే ఆ జవాబు వాక్యంలో ఉంటుంది, వాక్యాన్ని చూడటం వాడికి ఎవరూ నేర్పలేదు.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. 'గాట్స్‌బీ లవ్స్ డైసీ, హి త్రోస్ పార్టీస్.' పిల్లలు ఇలా రాసేస్తారు, రెండు పూర్తి వాక్యాల్ని ఒక్క కామాతో అతికించెయ్యడం అన్నమాట, దీన్నే కామా స్ప్లైస్ అంటారు. వర్క్‌బుక్ అయితే కామా తీసి సెమీకోలన్ పెట్టు, తర్వాతి ప్రశ్నకి పో అంటుంది. అదే ఎస్సేలో దిద్దేటప్పుడు అక్కడ 'సో' పెట్టాలా, 'బట్' పెట్టాలా అని అడగండి. 'సో' పెడితే పార్టీలన్నీ ఆవిడ కోసమే. 'బట్' పెడితే ఆవిడ మీద అంత ప్రేమ ఉండీ ఎదురుగా వెళ్ళకుండా ఊరందరికీ విందులిస్తున్నాడని. ఒక్క పదం మారితే వాదనే మారిపోయింది, గ్రామరూ థీమూ రెండూ అక్కడే ఉన్నాయి.

మన వాళ్ళు పరీక్ష కోసం బట్టీ కొట్టిన ప్యాసివ్ వాయిస్ కూడా అంతే. ద క్రూసిబుల్ 1953 నాటకం, 1692లో సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల మీద రాసింది, నిజంగా అక్కడ 19 మందిని ఉరితీశారు. ఎస్సేలో 'పీపుల్ వర్ హ్యాంగ్డ్' అని రాస్తే ఉరితీసింది ఎవరో వాక్యంలోంచి మాయం. 'ద కోర్ట్ హ్యాంగ్డ్ దెమ్' అంటే నేరం ఎవరిదో ముందుకొచ్చి నిలబడుతుంది. ఆ నాటకం గొడవంతా అదే కదా, ఎవరి చేతికీ మరక అంటకుండా మనుషులు ఎలా చచ్చిపోయారు అని. యాక్టివ్‌ని ప్యాసివ్‌లోకి మార్చుము అని వంద వాక్యాలు చేసినా మనకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

హకిల్‌బెరీ ఫిన్ అయితే ఇంకా మజా, మొత్తం నవల తప్పుల ఇంగ్లీష్‌లో ఓ కుర్రాడు చెప్పిన కథ, డబుల్ నెగటివ్‌లు లెక్కలేనన్ని. వర్క్‌బుక్ ప్రకారం దిద్దుకుంటూ పోతే ఆ కుర్రాడు మిగలడు.

నన్నడిగితే లిటరేచర్ క్లాసే మెయిన్, గ్రామర్ వాడి సొంత ఎస్సే మీద చెయ్యాలి, వారానికి ఒక్క పేరా తీసుకుని అమ్మో నాన్నో పక్కన కూర్చుంటే చాలు. శాట్ దగ్గర పడ్డాక మాత్రం వర్క్‌బుక్ తియ్యాల్సిందే, అక్కడ స్పీడ్ కావాలి. ఏపీ లాంగ్వేజ్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఇంగ్లీష్ కోర్సు, తీసుకున్న పిల్లలకి నవలలు తగ్గి వ్యాసాలు, ప్రసంగాలు ఎక్కువుంటాయి, పరీక్షలో మూడు ఎస్సేలు రాయాలి, కాబట్టి వాళ్ళకి వాక్యం మీద పట్టు ఇంకా ఎక్కువ కావాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చి నైన్త్, టెన్త్‌లో చేరిన పిల్లల సంగతి దీనికి ఉల్టా. వాళ్ళకి టెన్సులు బాగానే వస్తాయి, కానీ కథ చదివి నీ అభిప్రాయం ఏంటి అని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు, గైడ్‌లో ఉన్న జవాబు రాసి అలవాటు మరి. వీళ్ళకి వర్క్‌బుక్ అసలు కొనకండి, కథ పెట్టి వాదించమనండి.

ఇంట్లో పాత రెన్ అండ్ మార్టిన్ ఉంటే పారెయ్యక్కర్లేదు, క్లాజులు, పంక్చుయేషన్ చాప్టర్లు ఇప్పటికీ పనికొస్తాయి. డైరెక్ట్ ఇండైరెక్ట్ స్పీచ్ మాత్రం వదిలెయ్యండి, ఇక్కడ దాన్ని పనిగట్టుకుని ఎవరూ అడగరు.