తుఫాను కబురు: రేవు సంకేతమా, హెచ్చరిక కేంద్రం బులెటినా?

విశాఖపట్నంలో తుఫాను సమాచారం ప్రధానంగా రెండు రూపాల్లో చేరుతుంది: ఓడరేవులో ఎగరవేసే ప్రమాద హెచ్చరిక సంకేతం, నగరంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం జారీచేసే బులెటిన్.

రేవు సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. పత్రికల్లో ‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని చదవగానే అంకెతోపాటు తీవ్రత కూడా మెట్టుమెట్టుగా పెరుగుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి 8, 9, 10 మూడూ మహాప్రమాద సూచికలే, వాటి మధ్య తేడా తుఫాను రేవుకు ఏ పక్కగా, లేదా రేవుకు ఎంత సమీపంగా తీరం దాటవచ్చునన్న దానిలోనే ఉంది. ఇక 11వ సంకేతానికి అర్థం హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇవన్నీ ఓడల కోసం ఏర్పడిన గుర్తులు, మన డాబాల కోసం కాదు.

బులెటిన్ అలా కాదు. అది వాయుగుండం ఉన్న అక్షాంశ రేఖాంశాలను, గాలి వేగాన్ని, వర్షపాతపు అంచనాను, ఉప్పెన ముప్పును, దెబ్బతినగల జిల్లాలను వివరంగా చెబుతుంది. ప్రతికూల వాతావరణం మొదలయ్యేందుకు కనీసం 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు హెచ్చరిక వెలువడతాయి. అయితే దానిని అందుకునే సాధనం పనిచేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో కరెంటూ, సెల్‌ఫోన్లూ రెండూ మూగబోయాయి.

అందువల్ల ఇంటివారికి బులెటినే మేలని, దానికి తోడు బ్యాటరీ రేడియో ఒకటి తప్పనిసరి అని నా అభిప్రాయం. చేపలరేవు నుంచి వేటకు వెళ్లేవారు మాత్రం రెండింటినీ చూసుకోవాలి.