పాత రైలు, బస్సు సైట్లను దాచడానికి హెచ్‌టీట్రాకా, డబ్ల్యూగెట్టా? చాలాకాలం వాడాక

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టిన సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. మహబూబ్‌నగర్-గద్వాల లైను మీటర్ గేజ్‌గా ఉన్నప్పటి ఫొటోలు, బీబీనగర్-నడికుడి లైను పాత టైంటేబుళ్లు మాత్రం అభిమానులు సొంత డబ్బుతో నడిపే సైట్లలోనే వెతుక్కోవాలి. ఒక్క ఏడాది డొమైన్ (సైటు పేరు) డబ్బు కట్టకపోతే అంతే సంగతులు.

అలాంటి సైట్లను మన కంప్యూటర్‌లోకి దించే ప్రోగ్రాములే హెచ్‌టీట్రాక్, డబ్ల్యూగెట్. వీటిలో హెచ్‌టీట్రాక్ తేలిక. అడ్రసు ఇచ్చి నెక్స్ట్ కొట్టుకుంటూ పోవడమే. కరెంటు పోయినా ఆగినచోటు నుంచి అందుకుంటుంది. కానీ లింకులన్నీ తిరగరాస్తుంది కాబట్టి సర్వర్ పంపింది పంపినట్టు మిగలదు. చూసుకోవడానికి బాగుంటుంది, దాచడానికి చాలదు.

దాచడానికి, కమాండ్లు టైపు చేసి నడిపే డబ్ల్యూగెట్‌తో వార్క్ ఫైలు (సర్వర్ పంపింది పంపినట్టు దాచే ఫైలు) తీయాల్సిందే. కమాండ్‌లో మిర్రర్ (లింకుల వెంట వెళ్లి సైటంతా దించేది), పేజ్ రిక్విజిట్స్ (పేజీలోని ఫొటోల్లాంటివి తెచ్చేది), వార్క్ ఫైల్ ఆప్షన్లు కలపాలి. ఒక్కో ఫైలుకు మధ్య ఆగే వెయిట్ 2 సెకన్లు పెట్టాలి, లేకపోతే చిన్న సర్వర్లు మనల్ని బ్లాక్ చేస్తాయి. వార్క్ తీసేటప్పుడు, ఆగినచోటు నుంచి అందుకునే కంటిన్యూ ఆప్షన్ పనిచేయదు. కరెంటు పోతే మళ్లీ మొదటికే. అందుకే సైటు మొత్తం ఒకేసారి కాకుండా ఫోల్డర్ల వారీగా తీయడం మేలు. ఫొటోలు వేరే డొమైన్‌లో ఉంటే, బయటి సైట్లకు వెళ్లనిచ్చే స్పాన్ హోస్ట్స్ ఆప్షన్ ఇచ్చి, ఏయే సైట్లకు వెళ్లాలో చెప్పే డొమైన్స్ ఆప్షన్‌లో ఆ పేరు కూడా రాయాలి. స్పాన్ హోస్ట్స్ ఒక్కటే ఇచ్చి వదిలేస్తే ఇంటర్నెట్ అంతా తిరిగొస్తుంది. క్లిక్ చేస్తే తప్ప తెరుచుకోని గ్యాలరీలు రెంటికీ చిక్కవు. వాటికి బ్రౌజర్‌లో ఆర్కైవ్‌వెబ్‌పేజ్ ఎక్స్‌టెన్షన్ (మనం చూసే పేజీలను రికార్డు చేసేది) ఆన్ చేసి, ఒక్కో ఫొటో నొక్కుతూ రికార్డు చేయాలి. విసుగు పనే, కానీ వేరే దారి లేదు.

అసలు గడబిడ తెలుగుతోనే. యూనికోడ్‌కు (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ తెలుగు అక్షరాలకు వాడే ఉమ్మడి పద్ధతికి) ముందటి పేజీల్లో తెలుగు ఒక ప్రత్యేక ఫాంట్ మీద నడుస్తుంది. ఆ ఫాంట్ ఫైలు తరచుగా వేరే డౌన్‌లోడ్ పేజీలో ఉంటుంది. దాన్ని విడిగా దించకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. ఫాంట్ ఉన్నా 'గద్వాల' అని వెతికితే దొరకదు. కాబట్టి అసలు పేజీని ముట్టకుండా, యూనికోడ్‌లోకి మార్చిన కాపీ ఒకటి దాని పక్కన పెట్టాలి.

ఫైళ్ల పేర్లదీ అదే తంటా. 'నల్లగొండ' అన్న ఒక్క మాట వెబ్ అడ్రసులో పర్సెంట్ గుర్తులతో కలిపి 72 అక్షరాలవుతుంది. అలాంటివి నాలుగు కలిసిన పేరు అలాగే సేవ్ అయితే విండోస్ 260 అక్షరాల హద్దు దాటుతుంది, ఫైలు దిగదు. లైనక్స్‌లో డబ్ల్యూగెట్ రెస్ట్రిక్ట్ ఫైల్ నేమ్స్ ఆప్షన్‌కు నోకంట్రోల్ ఇస్తే పేరు తెలుగులోనే వస్తుంది.

చివరగా వార్క్‌ను, దాన్ని తెరిచి చూపే రీప్లేవెబ్‌పేజ్‌లో తెరిచి, నెట్ తీసేసి చూడాలి. ఫొటో రాలేదంటే అది మన దగ్గర లేనట్టే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఎక్కించిన వార్క్ దానంతటదే, పాత పేజీలను అందరికీ చూపే అక్కడి వేబ్యాక్ మెషీన్‌లో కనిపించదు. అందుకని ముఖ్యమైన పేజీల అడ్రసులను అక్కడి సేవ్ పేజ్ నౌలో విడిగా ఇవ్వాలి. ఇవన్నీ చేసేముందు సైటు యజమానికి ఒక మెయిల్ పెట్టండి. ఆయన అసలు ఫోల్డరే ఇస్తే ఈ తిప్పల్లో సగం ఉండవు, ఫొటోలూ పూర్తి సైజులో వస్తాయి.