పర్లాకిమిడి లేత్ షాపులో ఫ్రీక్యాడ్

పర్లాకిమిడిలో మాకు చిన్న లేత్ షాపు ఉంది. రైస్ మిల్లుల పుల్లీలు, బుష్‌లు మా ప్రధాన పని. నాన్న కొలతలన్నీ సుద్దముక్కతో నేల మీదే గీస్తారు. నేను ఏడాదిగా ఫ్రీక్యాడ్ వాడుతున్నాను, అంటే కంప్యూటర్‌లో భాగాల 3డి మోడల్ గీసే సాఫ్ట్‌వేర్, 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్. పైసా కట్టక్కర్లేదు.

ఇందులో నాకు ప్రాణం రివల్యూషన్ టూల్. పుల్లీని మధ్యకి కోస్తే ఒక పక్క కనిపించే ముఖాన్ని స్కెచ్‌లో గీయాలి, అక్షం చూపించాలి, 360 డిగ్రీలు తిప్పాలి. అంతే, పుల్లీ తయారు. మొన్న కాశీనగర్ నుంచి వచ్చిన పని చూడండి: బయటి వ్యాసం 150 మిల్లీమీటర్లు, బోరు (మధ్య రంధ్రం) 40, బి సెక్షన్ అనే సైజు బెల్టుకి వీ ఆకారపు గాడి 34 డిగ్రీలు. గాడి కోణం మార్చగానే మోడల్ మొత్తం దానంతటదే సరిపోయింది. నాన్న చూసి, "ఒరేయ్, ఇది మన లేతే కదరా!" అన్నారు. నాకెంత సంతోషమో!

మొదటి వారం మాత్రం మోడల్ రాక ఒకటే టెన్షన్. తప్పు నాదే. గీత అక్షాన్ని దాటిపోయింది, ఒక మూల కలవలేదు. ప్రొఫైల్, అంటే స్కెచ్‌లో గీసిన ఆకారం, పూర్తిగా మూసుకుని, అక్షానికి ఒకే పక్కన ఉండాలి. ఇంకోటి, అక్షం నుంచి కొలిచేది వ్యాసార్ధం. 150 పుల్లీకి 75 అని ఇవ్వాలి.

కీవే, అంటే బోరులో తాళం (కీ) కూర్చునే గాడి, తిప్పితే రాదు, దానికి మోడల్‌లోంచి కోసి తీసే పాకెట్ టూల్ వాడాలి. ఫ్రీక్యాడ్‌లోనే ఉండే టెక్‌డ్రాలో కొలతల డ్రాయింగ్ తీసి, ప్రింటు లేత్ పక్కన గోడకి అంటిస్తున్నాను. లేత్ పని తెలిసినవాళ్లు రివల్యూషన్‌తోనే మొదలుపెట్టండి.