అమాల్ఫీ తీరంలో కొండ మీది రిసార్టు: వ్యూ కంటే ముందు మెట్లు చూసుకోండి

ఇటలీలో అమాల్ఫీ తీరాన, పోసిటానోకీ అమాల్ఫీకీ మధ్య ప్రయానో అనే చిన్న ఊరుంది. నిటారుగా సముద్రంలోకి దిగే కొండ మీద ఇళ్లు, నిమ్మ తోటలు, చర్చి గోపురాలు. చదునైన నేల దాదాపు కనిపించదు. ఆ ఊళ్లోని ఒక రిసార్టుకి మేము చాలా ఏళ్లుగా వెళ్తున్నాం. మేమిద్దరమే వెళ్లాం, చంటిపిల్లతో వెళ్లాం, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యనీ మామయ్యనీ తీసుకుని వెళ్లాం. మే నెల పూలల్లో ఉన్నాం, ఆగస్టు ఎండల్లో ఉన్నాం, అక్టోబరు వానల్లోనూ ఉన్నాం. మేముండే మ్యూనిక్‌లో మనవాళ్లు ఫొటోలు చూసి, ‘అంత డబ్బు పెట్టొచ్చా?’ అని అడుగుతుంటారు. పెట్టొచ్చు. కానీ గది ఎక్కడ తీసుకుంటున్నారన్న దాని మీదే అంతా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ తీరం పొడవునా ఉన్న పెద్ద రోడ్డు ఒక్కటే, స్టేట్ రోడ్ 163. మన భాషలో అచ్చంగా ఘాట్ రోడ్డు. 19వ శతాబ్దంలో, దక్షిణ ఇటలీని ఏలిన బోర్బన్ రాజుల కాలంలో వేశారు. అంతకు ముందు ఊరికీ ఊరికీ మధ్య పడవలూ, కంచర గాడిదలు నడిచే మెట్ల దారులూ మాత్రమే ఉండేవి. రోడ్డు వచ్చినా ఊళ్లు ఆ మెట్ల మీదే ఉండిపోయాయి. ఇప్పటికీ ఇల్లు కట్టుకునేవాళ్లు ఇసుక, సిమెంటు గాడిదల మీద పైకి చేరవేయించుకోవడం చూస్తూనే ఉంటాం.

హోటళ్లు కూడా ఈ లెక్కలోనే కట్టారు. కొన్నింటికి రిసెప్షన్ రోడ్డు మీద ఉండి, గదులు అంతస్తులుగా కిందికి దిగుతాయి. కొన్నింటికి గదులన్నీ రోడ్డుకి పైన ఉంటాయి. మొదటి రకంలో సముద్రం ఎంత దగ్గరైతే రోడ్డు అంత దూరం. రెండో రకంలో వ్యూ ఎంత పెద్దదైతే మోకాళ్ల మీద భారం అంత పెద్దది. లిఫ్టు ఉందంటే అన్ని గదులకూ ఉందని అనుకోవద్దు. రాతిని తొలిచి వేసిన లిఫ్టు చాలాచోట్ల సగం దాకానే వస్తుంది, మిగతాది మెట్లే.

మేము ఇప్పుడు దిగే రిసార్టు కంటే ముందు, అదే తీరంలో వేరే చోట బుక్ చేశాం. ‘బస్‌స్టాప్ నుంచి 150 మీటర్లు’ అని వాళ్ల పేజీలో ఉంది. ఆ 150 మీటర్లూ మెట్లేనని ఎక్కడా రాయలేదు. మా అత్తయ్య మొదటి రోజు ‘అలిపిరి నుంచి నడిచి ఎక్కినదాన్నమ్మా, ఇదెంత’ అంటూ ధైర్యంగానే ఎక్కారు. రెండో రోజు సాయంత్రానికి మోకాళ్లకి నూనె రాసుకుని మంచం మీద కూర్చున్నారు. మూడో రోజు అసలు గది దాటి రాలేదు. మొక్కుకి ఒక్కసారి ఎక్కే మెట్లు వేరు, పాల ప్యాకెట్ కోసం రోజూ ఎక్కే మెట్లు వేరు. మేనేజర్‌ని అడిగితే, ఇక్కడికొచ్చే అందరికీ ఆ సంగతి తెలుసన్నట్టు మాట్లాడాడు. తెలియదు. గుంటూరు నుంచి షెంగెన్ వీసా తీసుకుని, జీవితంలో ఒక్కసారి వచ్చే మనిషికి అది ఎలా తెలుస్తుంది? ఆ మాట రాయకపోవడం నాకు ఇప్పటికీ తప్పుగానే అనిపిస్తుంది.

అందుకే బుక్ చేసే ముందు హోటల్‌కి ఒక మెయిల్ పెట్టండి. రోడ్డు నుంచి రిసెప్షన్‌కి ఎన్ని మెట్లు, రిసెప్షన్ నుంచి మీరు తీసుకునే ఆ గదికి ఎన్ని, బ్రేక్‌ఫాస్ట్ ఎక్కడ పెడతారు, సామాను ఎవరు మోస్తారు, దానికి విడిగా ఎంత తీసుకుంటారు. సూటిగా అంకె చెప్పే హోటల్‌ని నమ్మొచ్చు. ‘కొన్ని మెట్లు మాత్రమే’ అనేవాళ్లని ఇంకోసారి అడగండి.

ఇప్పుడు మేము దిగే చోట గదుల గురించి. పాతకాలం కట్టడం, కమాను ఆకారపు కప్పు, మందపాటి గోడలు. జూన్ వరకూ ఏసీ వేయకపోయినా చల్లగానే ఉంటుంది. నేల మీద వియెత్రి ఊళ్లో తయారైన రంగురంగుల టైల్స్ పరిచారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ తడి కాలితో జారతాయి. పెద్దవాళ్లుంటే బాత్రూమ్ దగ్గర వేసుకోవడానికి రబ్బరు మ్యాట్ అడిగి తీసుకోండి. కొండకి ఆనుకున్న వెనక గోడల్లో చెమ్మ ఉంటుంది. ఏప్రిల్‌లోనూ, వానలు మొదలయ్యాక అక్టోబరులోనూ ఆ వాసన తెలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు కొండకి బాగా లోపలికి ఉన్న చవక గదులు తీసుకోకపోవడమే మంచిది.

కరెంటు విషయం మనవాళ్లకి మరీ ముఖ్యం. ఇటలీలో చాలా ఇళ్లకి 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ రకం గది తీసుకుని, ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కర్, గీజర్ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. మొదట్లో ఇది తెలియక ఆందోళన పడతారు. మీటరు దగ్గర స్విచ్ పైకి తోస్తే వచ్చేస్తుంది, కానీ ఆ మీటరు ఎక్కడుందో దిగిన రోజే కనుక్కోవాలి. అన్నం వండేటప్పుడు గీజర్, ఏసీ ఆపుకుంటే సరిపోతుంది.

అసలు ప్రయానో ఎందుకు, అందరికీ తెలిసిన పోసిటానో ఉండగా? ఎండ వల్ల. ప్రయానోలో పడమటి వైపు భాగాన్ని వెత్తికా మజ్జోరె అంటారు. అది పోసిటానో వైపు, కాప్రీ ద్వీపం వైపు చూస్తుంటుంది. అందుకని వేసవిలో పొద్దుపోయేదాకా వెలుగు అక్కడే ఉంటుంది. కొండ మలుపు తిరిగి అమాల్ఫీ వైపు గది తీసుకుంటే పొద్దున ఎండ బాగా వస్తుంది, సాయంత్రం కొండ నీడ త్వరగా కమ్ముకుంటుంది. బీచ్‌లదీ ఇదే కథ. గవితెల్లా బీచ్‌కి వందల మెట్లు దిగాలి, కానీ సాయంత్రం దాకా ఎండ ఉంటుంది. మరీనా ది ప్రయా బీచ్‌కి చేరడం సులువు, అయితే రెండు కొండల ఇరుకులో ఉండటం వల్ల మధ్యాహ్నం దాటాక నీడ పడిపోతుంది. పసిపిల్లలతో పొద్దున ప్రయా, పెద్దవాళ్లు సాయంత్రం గవితెల్లా, మా ఇంట్లో ఇదే అలవాటైపోయింది. రెండూ గులకరాళ్ల బీచ్‌లే. కాళ్లకి నీళ్లలో వేసుకునే చెప్పులు తప్పక ఉండాలి.

మామయ్యకి అసలు బీచ్ అక్కర్లేకపోయింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే, కింద చేపల పడవలు, దూరంగా కాప్రీ పక్కన సముద్రంలోంచి లేచిన రాళ్లు, సాన్ జెన్నారో చర్చి గోపురం మీద పచ్చ, నీలం టైల్స్. ‘మీరు తిరిగి రండమ్మా, నేనిక్కడే ఉంటా’ అనేవారు. అది మొహమాటానికి అన్న మాట కాదని ఆయన ముఖం చూస్తే తెలిసేది. బాల్కనీ ఉన్న గదికి ఎక్కువ పెట్టండని నేను చెప్పేది ఇందుకే. మిగతా రిసార్టు సౌకర్యాల మీద డబ్బు తగ్గించుకున్నా నష్టం లేదు. పూల్ చిన్నది, జిమ్ పేరుకే. వాటికోసం ఎవరూ ఇక్కడికి రారు. గదిని ‘సైడ్ సీ వ్యూ’ అని రాశారంటే మాత్రం, కుర్చీలో కూర్చుంటే కనిపిస్తుందా, రైలింగ్ పట్టుకుని వంగితేనే కనిపిస్తుందా అని అడగండి.

చప్పుడు గురించి ఎవరూ చెప్పరు. రోడ్డు పక్క గదుల్లో బస్సుల హారన్ పొద్దున నుంచి రాత్రి దాకా వినిపిస్తుంది. మలుపులో ఎదురు బండి కనపడదు కాబట్టి కొట్టక తప్పదు. రోడ్డుకి రెండంతస్తులు కింద ఉండే గది అన్నిటికంటే మేలు, మెట్లు ఓ మోస్తరు, చప్పుడు తక్కువ.

వెళ్లడం, తిరగడం కాస్త ఓపికతో కూడిన పని. విమానం నేపుల్స్‌లో దిగుతుంది. అక్కడి నుంచి సొరెంటోకి లోకల్ రైలు, తర్వాత సీతా కంపెనీ బస్సు. లేదా సలెర్నో దాకా ఫాస్ట్ ట్రైన్‌లో వెళ్లి, ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య అయితే ఫెర్రీ ఎక్కొచ్చు. సామానుంటే నాకు ఫెర్రీయే ఇష్టం, పైగా ఈ కొండని మొదటిసారి చూడాల్సింది సముద్రం మీంచే. కానీ ప్రయానోకి వెళ్లేవాళ్లు అమాల్ఫీలోనో పోసిటానోలోనో దిగాలి, అక్కడి నుంచి మళ్లీ రోడ్డే. సముద్రం పోటెత్తితే ఫెర్రీ ఆపేస్తారు. తిరుగు ప్రయాణం రోజే మాకు ఒకసారి అలా అయింది. బస్సు నిండిపోయి ఆగకుండా వెళ్లిపోయింది, టాక్సీ అతను అడిగిన రేటు మా విమానం టికెట్ కంటే ఎక్కువ. విమానం ఉన్న రోజుకి ముందు రాత్రి నేపుల్స్‌లోనో సలెర్నోలోనో ఉండిపోవడం మంచిది. ఆ టెన్షన్ ఎందుకు?

కారు అద్దెకి తీసుకోవద్దని నా మాట. రోడ్డు ఇరుకు, పార్కింగ్ ఖరీదు, దానికి తోడు రద్దీ రోజుల్లో సరి బేసి నంబర్ల నిబంధన. ఆగస్టు నెలంతా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా శని ఆదివారాలు, పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకూ వియెత్రీ పోసిటానోల మధ్య ఇది అమల్లో ఉంటుంది. అద్దె కార్లకీ వర్తిస్తుంది. బస్సు టికెట్లు ‘టి’ అక్షరం బోర్డున్న పొగాకు దుకాణాల్లో అమ్ముతారు. ఆదివారం మధ్యాహ్నం అవి మూసేస్తారు కాబట్టి నాలుగైదు ముందే కొనిపెట్టుకోండి.

ఇక తిండి. శాకాహారులకి ఇబ్బందే లేదని కొందరు రాస్తారు, అది సగం నిజం. వంకాయలూ టమాటా చీజ్ పొరలుగా పెట్టి కాల్చిన పర్మిజానా, గుమ్మడి జాతి కాయ జుక్కీనితో చేసే నెరానో స్పగెట్టి, బంగాళదుంప ముద్దలతో చేసే నొక్కీ, ఇవన్నీ మాంసం లేనివే, రుచి కూడా అమోఘం. కానీ పర్మిజానో చీజ్ తయారీకి పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. ఇక్కడ పేరున్న సాంతా రోసా స్ఫోల్యాతెల్లా అనే పొరల పేస్ట్రీలో సంప్రదాయంగా పంది కొవ్వు వేస్తారు. ఆంచొవీ అనే చిన్న చేప ఆకుకూరల్లోకి, సాస్‌ల్లోకి చెప్పకుండా వచ్చేస్తుంది. ఇదే తీరంలోని చెతారా ఊళ్లో ఆ చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం వీళ్లకి మన ఆవకాయంత గర్వకారణం. పట్టింపు ఉన్నవాళ్లు వెయిటర్‌కి ‘మాంసం వద్దు’ అని ఊరుకోకుండా చేప, చీజ్ పేర్లు చెప్పి అడగాలి. మా రిసార్టు వంటగదిలో వాళ్లు అత్తయ్య కోసం రెండో రోజు నుంచి టమాటా, తులసి జాతి బసిలికో ఆకు, ఎండుమిరపకాయ ముక్కలతో చీజ్ లేని పాస్తా విడిగా చేసి పెట్టారు. బిల్లులో అదనంగా ఏమీ వేయలేదు. అంత ఆప్యాయత నేను పెద్ద హోటళ్లలో చూడలేదు. రాత్రికి మాత్రం గదిలోనే సోనామసూరి అన్నం, ఊళ్లో దొరికే తీపి లేని పెరుగు.

ఈ కొండ మీద కొన్నాళ్లుంటే, మీకు కనిపించే అందం ఎవరి చేతి పనో అర్థమవుతుంది. గట్లన్నీ సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. వాన నీళ్లు రాళ్ల సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి గోడ నిలబడుతుంది. వాటి మీద చెస్ట్‌నట్ కర్రల పందిళ్ల కింద స్ఫుసాతో అనే పొడుగాటి నిమ్మకాయలు పండిస్తారు. మనుషులు వాటిని వీపుల మీద మోసుకుని మెట్లు దిగుతారు. 1997లో ఈ తీరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కుర్రాళ్లు తోటలు వదిలి హోటళ్లలో చేరుతున్నారు. గట్లు చూసేవాళ్లు లేకపోతే వానకి చరియలు విరిగి రోడ్డు మీద పడతాయి. 1954 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన వానకి సలెర్నో ప్రాంతంలో మూడు వందల మందికి పైగా పోయారు. అందుకే నేను నిమ్మకాయలు, జాము, లిమోన్‌చెల్లో అనే నిమ్మ మద్యం తోట ఉన్నవాళ్ల దగ్గరే కొంటాను, ధర కాస్త ఎక్కువైనా సరే. మీరూ అలా చేయండి.

ఎప్పుడు వెళ్లాలి అంటే మే నెల, లేదంటే సెప్టెంబరు రెండో సగం. సెప్టెంబరులో సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. నవంబరు నుంచి ఈస్టర్ దాకా చాలా హోటళ్లు మూసేస్తారు. ఆగస్టులో ధరలూ, జనమూ, ఉక్కా మూడూ ఎక్కువే. ఒక్క కారణానికి ఆగస్టుని వదులుకోలేం: నెల మొదట్లో సాన్ దొమేనికో పండుగకి ప్రయానో అంతా దీపాలు పెడతారు. కిటికీల్లో, మెట్ల మీద, చర్చి ముంగిట్లో వేల కొవ్వొత్తులు. అత్తయ్య రిసార్టు యజమానురాలి దగ్గర కొన్ని తీసుకుని, మా గుమ్మం ముందు కూడా వరసగా వెలిగించారు.

నడక అలవాటున్నవాళ్లు కొండ పైన ‘దేవతల బాట’ అనే కాలిబాట మీద తప్పక నడవండి. బొమెరానో అనే ఊరి నుంచి నొచెల్లే అనే ఊరి దాకా సుమారు 6, 7 కిలోమీటర్లు. ప్రయానో నుంచి మెట్ల మీదుగా ఎక్కే దారి ఉంది కానీ అది చాలా నిటారు. అమాల్ఫీ నుంచి బస్సులో బొమెరానో చేరి అక్కడ మొదలుపెడితే ఎక్కువ భాగం దిగుడే. నీళ్లు మోసుకెళ్లండి, మధ్యలో నీడ తక్కువ.

మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి, తోపుడు బండిలో బిడ్డ ఉన్నవాళ్లకి, రెండే రాత్రుల కోసం వచ్చేవాళ్లకి నేను ఈ రిసార్టు చెప్పను. వాళ్లు ఇదే తీరంలో అమాల్ఫీ దాటాక ఉన్న మయోరీలో దిగొచ్చు. అక్కడ ఊరు చదునుగా, బీచ్ పొడుగ్గా ఉంటుంది, ధరలూ తక్కువ. కనీసం వారం ఉండగలిగి, మెట్లకి భయపడని వాళ్లయితే ప్రయానోలో వెత్తికా వైపు, రోడ్డుకి కాస్త దిగువన, బాల్కనీ ఉన్న గది అడగండి. మే నెలకి జనవరిలోనే రాయాలి, అలాంటి గదులు ఒక్కో హోటల్లో నాలుగైదుకి మించి ఉండవు.