కోనసీమలో అతిథికి బస: ఏటిగట్టు రిసార్టా, మండువా లోగిలా?

కోనసీమకు వచ్చిన పర్యాటకుడు ఎక్కడ బస చేస్తే మేలు అన్నది తేల్చడానికి, అతని సౌకర్యం కన్నా ఆ ఊరివాళ్ల నీటిని, రేవును, వీధిని కొలబద్దగా తీసుకోవడం న్యాయం.

గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున ఉన్న దిండి అనే ఊరికి రిసార్టులు, హౌస్‌బోట్లు వచ్చాక ఊరి పేరు దూరప్రాంతాలకూ తెలిసింది. తోటపనికి, వంటకు, గదుల శుభ్రతకు నెలజీతపు కొలువులు దొరకడం చిన్న సంగతి కాదు. అయితే కొబ్బరితోట ఖరీదు గదుల లెక్కన పెరిగితే అమ్ముకున్న రైతు బాగుపడతాడు గాని, కౌలుదారుకు, కాయలు కోసే దింపు కార్మికుడికి పని పోతుంది. అతిథి టిఫిను నుంచి రాత్రి భోజనం దాకా గేటు లోపలే కానిచ్చేస్తే సెంటరులోని కొట్లకు మిగిలేది టీ డబ్బులే.

అసలు తేడా నీళ్ల దగ్గర బయటపడుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది కనుక, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువనీటితో నింపుకున్న చెరువే తాగడానికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువును పొదుపుగా వాడుకోవాలి; పిల్లల సెలవులకు జనం ఊళ్లు తిరిగేదీ అప్పుడే.

పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయి పెద్దవాళ్లే మిగిలిన మండువా లోగిలిలో, అంటే నడుమ ఆకాశం కనబడే పాతకాలపు పెంకుటింట్లో, రెండు గదులు అతిథులకు ఇస్తే, పాలు, చేపలు, కొబ్బరి బొండాలు వీధిలోవాళ్ల దగ్గరే కొంటారు. పాత పెంకులు సరిచేయించడానికీ నాలుగు డబ్బులు మిగులుతాయి. కాకపోతే వండి వడ్డించే చాకిరీ అంతా ఇల్లాలి మీదే పడుతుంది, దాని కూలి ఎవరూ లెక్కగట్టరు. రేవులో బట్టలుతికే ఆడవాళ్ల వైపు ఫోను ఎత్తేవాణ్ణి మందలించవలసిందీ ఆ ఇంటివారే.

కోరంగి మడ అడవిలో చెక్కవంతెన మీద నడిచి సాయంత్రానికి కాకినాడ చేరుకునేవాడు ఊరిని పెద్దగా ఏమీ అడగడు, పెద్దగా ఇచ్చేదీ లేదు.

నా మొగ్గు లోగిలి వైపే, ఇంటివారు అందులోనే కాపురముండి, గదులు రెండు మూడుకు మించనంతవరకు. బయటివాడికి లీజుకిచ్చిన లోగిలి పెంకుటింటి రూపంలో ఉన్న రిసార్టే. కాలువ కట్టేసిన నెలలో చెరువు అడుగంటితే ఇంటావిడ అతిథులను రావద్దనగలదు. అప్పు వాయిదాలు, జీతాలు నెత్తిన ఉన్న రిసార్టు మాత్రం ట్యాంకరు తెప్పించుకొని గదులు నింపుకోవలసిందే.